ఆడా మొగా అని అడగని మాట

నాయనా,

నువ్వు పోయి ఏడాది. ఈరోజు గుడియాత్తంలో నీ సంవత్సరీకం. కత్తిరించుకున్న నా జుట్టు చూసి అత్త వాకిట్లోనే అడ్డం నిలబడింది. "మా తమ్ముని కూతురు వచ్చిందా, కొడుకు వచ్చినాడా? ఏందో ఒకటి తేల్చి చెప్పప్పా" అంది. చుట్టాలంతా నవ్వారు.

వేలూరు కాలేజీలో నా స్నేహితురాలిదీ ఇదే పట్టు, కాకపోతే ప్రేమగా. "లెస్బియనా, ట్రాన్సా? ఏదో ఒక పేరు ఎంచుకో" అంటుంది. ఆ పేర్లన్నీ లైబ్రరీలో కూర్చుని చదివాను. ఒక్కటీ నాదని చెప్పలేను, కాదనీ చెప్పలేను. నాకింకా తెలియదంటే అది జవాబు కాదట.

'వచ్చినాడు', 'వచ్చింది' ఆడా మొగా అని అడుగుతాయి గానీ, 'వచ్చినాను' ఆ ప్రశ్న అడగదు. వ్యాకరణంలో ఈమధ్యే గమనించాను. అత్త కళ్లలోకి చూసి అదే అన్నాను.

"నేను వచ్చినాను. మా నాయనకు అన్నం పెట్టేదానికి వచ్చినాను. జరుగత్తా."