రామలింగయ్య హోటల్ బెంచీ

సూర్యాపేట,
7 ఆగస్టు 1949

కోదాడలో అమ్మ చేతి వంట తింటున్న జానకు, ఇక్కడ తన వంట తానే తింటున్న లాజరు రాసేది.

నేను బాగానే ఉన్నాను. అన్నం ఒక పూట మెత్తగా, ఒక పూట పలుకుగా అవుతోంది. నీ ఒంట్లో ఎలా ఉందో రాయి. అత్తమ్మను, మీ తమ్ముడు యేసయ్యను అడిగానని చెప్పు.

ఇక్కడ ఒక చిన్న సంగతి జరిగింది. చిన్నదే, కానీ రెండు రోజులుగా మనసులో నలుగుతోంది. నువ్వు ఎన్నడూ రామలింగయ్య హోటల్ దిక్కు రాలేదు గనుక మొదటి నుంచి చెబుతాను. పట్నం పేపరు మనకు టపాలో రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది కదా. బడి వదిలాక దాన్ని తీసుకుని బస్సులు ఆగే చోటికి పోతాను. హోటల్ గోడ పక్కన ఒక బెంచీ ఉంది. దాని మీద కూర్చుని పైకి చదువుతాను. హమాలీలు, బండ్లవాళ్ళు, సంతకు వచ్చిన గొర్లకాపరులు చుట్టూ కూర్చుంటారు. పోలీసు క్యాంపు జమేదారు ధన్‌సింగ్ కూడా వస్తాడు. అతనికి తెలుగు రాదు. అయినా తల ఊపుతాడు. రామలింగయ్య చాయ్ నాకే ముందు ఇస్తాడు. దీపాలు పెట్టే వేళకు అందరూ లేచి ఇళ్ళకు పోవాలి, క్యాంపు వాళ్ళ హుకుం. అంతవరకు ఆ బెంచీ నాది. బడిలో పిల్లలు కూడా నా మాట అంత శ్రద్ధగా వినరు.

శుక్రవారం నాడు పట్నం నాయకుల్లో రెండు వర్గాల తగాదా గురించి చదువుతున్నాను. మూడు కాలమ్‌ల వార్త. సగంలో ఉండగా హన్మా అనే లారీ క్లీనరు వచ్చి నిలబడ్డాడు. పెద్ద మీసాలు, ముప్పై ఏళ్ళు ఉంటాయి, అక్షరం ముక్క రాదు.

"సారూ, గా ముచ్చట పాతగైంది. నేను నిన్ననే పట్నంల సూసొచ్చిన" అన్నాడు.

"ఏం సూసినవ్‌రా?" అన్నాడు రామలింగయ్య.

"ఏమున్నది. ఇద్దరు పెండ్లికొడుకులు తయారైన్రు. ఇద్దరు బాసింగాలు కట్టుకున్నరు. ఇద్దరికి బాజాలున్నయ్. పిల్లే లేదు. పీట మీద మిలిటరీ దొర కూసున్నడు, లేవడు."

జనం పడి పడి నవ్వారు. నా మూడు కాలమ్‌లలో ఉన్నదీ అదే. మిలిటరీ పాలనలో ఇవ్వడానికి పదవులే లేవు, వీళ్ళు మాత్రం పదవుల కోసం కొట్టుకుంటున్నారు. వాడు దాన్ని ఒక్క గుక్కలో చెప్పేశాడు. మిగిలిన కాలమ్‌న్నర నేను చదువుతుంటే ఎవరూ వినలేదు. వాడి మాట ఎక్కడో విన్నట్టు నాకు అనిపించింది గాని ఎక్కడో తట్టలేదు.

ఇలాంటి దానికి బాధపడడం చిన్నతనమని నాకు తెలుసు. నీకు గాక ఎవరికి చెప్పుకోను.

నీ
లాజరు


సూర్యాపేట,
21 ఆగస్టు 1949

జానకు,

నీ దగ్గర నుంచి జవాబు రాలేదు. నెలలు నిండిన మనిషివి, రాయలేవని తెలుసు. నేనే రాస్తున్నాను. ఈ ఉత్తరం చదివి దాచకు, పొయ్యిలో వెయ్యి.

హన్మా ఇప్పుడు రోజు విడిచి రోజు వస్తున్నాడు. వారానికి రెండు మార్లు పట్నం పోయి వస్తానంటాడు. నా పేపర్లో రెండు రోజుల తరువాత వచ్చేది వాడి నోట్లో ముందే ఉంటుంది. నేను చదవబోతే "అది అయిపోయింది సారూ, ఇంకోటి సదువు" అంటున్నారు. పోయిన సోమవారం కోదాడ నాకా మీద ఒక కథ చెప్పాడు. సర్కారు మారినా సరిహద్దు సుంకం నాకా పోలేదని, పక్కనున్న మునగాల ఇంకా మద్రాసు వాళ్ళదేనని నీకు తెలిసిందే.

"ఒక ముసల్దాని బర్రె మేతకు మునగాల దిక్కు పోయింది. ఆడనే ఈనింది. పొద్దుగూకి దూడతోని ఇంటికొస్తుంటే నాకా సాబు అడ్డం నిలబడ్డడు. పొద్దున ఒక్కటే పోయింది, ఇప్పుడు రెండొస్తున్నయ్, రెండోది పరాయి సర్కారు మాల్, సుంకం కట్టు అన్నడు. ముసల్ది ఏమన్నదో ఎరికేనా? సాబ్, పొద్దున గూడ రెండే పోయినయ్, ఒకటి లోపలుండె, నువ్వు సూడలే అన్నది."

ఎవరో దాన్ని ధన్‌సింగ్‌కు హిందూస్తానీలో చెప్పారు. అతను తొడ చరుచుకుని నవ్వి మళ్ళీ చెప్పించుకున్నాడు. నేను చదివినప్పుడు తల మాత్రమే ఊపే మనిషి. అది నిజంగా జరిగిందా? యేసయ్య నాకాలోనే జవాను కదా, అడిగి రాయి. అబద్ధమని తేలితే నాకు సంతోషం.

ఆ రోజు రామలింగయ్య నాతో, "సారూ, జర జరుగున్రి, హన్మా కూసుంటడు" అన్నాడు. జరిగాను. చాయ్ వాడికే ముందు వచ్చింది.

అంతటితో పోనిచ్చినా అయ్యేది. హన్మా చాయ్ తాగుతూ, "సారు పేపర్ల ఢిల్లీ ఉంటది, పట్నం ఉంటది. మన సూర్యాపేట ఎన్నడన్న ఉన్నదా?" అన్నాడు. అందరూ నా దిక్కు చూశారు. నేను పేపరు మూడో పేజీ తిప్పాను. ఎప్పటి గొంతుతోనే చదివాను. "సూర్యాపేట ప్రజల కష్టసుఖములు స్వయముగా విచారించుటకు పట్నం నుండి ప్రముఖ నాయకుడు సెప్టెంబరు ఒకటవ తేదీ గురువారమునాడు విచ్చేయనున్నారు."

ఆ చోట ఉన్నది తలనొప్పి మాత్రల ప్రకటన.

ఎవరూ నవ్వలేదు. హన్మా కూడా నోరు తెరిచి విన్నాడు. రామలింగయ్య నన్ను ఇంకోమారు చదవమన్నాడు. ఒక్క మాట పొల్లుపోకుండా మళ్ళీ చదివాను. ఆ రోజు జనం నా వెనక మన ఇంటి మలుపు దాకా వచ్చారు.

మరునాడు చూస్తే బస్సులు ఆగే చోట వెదురు బొంగులు పాతుతున్నారు, స్వాగత ద్వారం కోసం. దర్జీ దగ్గర తెల్ల టోపీలకు గుడ్డ అయిపోయింది. నిరుడు ఈ పాటికి పాత సర్కారు రూమీ టోపీ పెట్టిన తలలే ఇప్పుడు కొలతలు ఇస్తున్నాయి. తలలు మారలేదు గనుక కొలతలు తొందరగా అయిపోయాయట. కచేరీ పెద్దకు పై నుంచి ఏ హుకుమూ రాలేదు. తనకు తెలియదంటే పరువు పోతుందని, నాయకుడు ఎన్ని గంటలకు దిగుతాడో చెప్పమని పట్నానికి రాశాడట. ధన్‌సింగ్ నా దగ్గరికి వచ్చి "మాస్టర్, అఖ్బార్ దిఖావ్" అన్నాడు. రామలింగయ్య ఆ పేపర్లో పకోడీలు కట్టేశాడని చెప్పాను. అది నిజమే. దేవుడు నన్ను ఆ నూనెతో కాపాడాడు.

గురువారం ఎవరూ రాకపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నాకు అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఎవరూ రారని హన్మా ముందే చెప్పేస్తాడేమోనని.

లాజరు


సూర్యాపేట,
4 సెప్టెంబరు 1949

జానకు,

ఆడబిడ్డ పుట్టిందని, ఇద్దరూ క్షేమమని యేసయ్య కార్డు అందింది. దేవునికి స్తోత్రం. నీ పక్కన లేనందుకు బాధగా ఉంది.

కానీ ఆ సంగతి నాకు కార్డు చెప్పలేదు. కార్డు వచ్చే ముందు రోజే హన్మా బెంచీ మీద చెప్పాడు. "సారూ, మీకు బిడ్డ పుట్టింది, నోరు తీపి చేయున్రి" అన్నాడు. కోదాడ మీదుగా వస్తూ విన్నాడట. అందరూ వాడికే బెల్లం పెట్టారు. నా బిడ్డ వార్త కూడా వాడి నోటనే వినవలసి వచ్చింది. అప్పుడు నాకు ఎలా ఉండిందో రాయలేను.

ఇక గురువారం సంగతి. నాయకుడు వచ్చాడు. ఒకరు కాదు, ఇద్దరు.

కచేరీ పెద్ద రాసిన ఉత్తరం చూసి, ఈ సభను ఎదుటివాళ్ళు ఏర్పాటు చేశారని పట్నంలో ఈ వర్గం అనుకుంది. ఆ వర్గమూ అట్లాగే అనుకుంది. ఎదుటివాడిని ఒంటరిగా మాట్లాడనివ్వకూడదని ఇద్దరూ బయలుదేరారు. ఒకే ద్వారం, ఒకే మాల. ద్వారం కింద ముందు ఎవరు నడవాలని వెంట వచ్చినవాళ్ళు చాలాసేపు తోసుకున్నారు. చివరకు ఇద్దరూ ద్వారాన్ని వదిలేసి చెరో పక్క నుంచి వచ్చారు. దాని కింద నుంచి ఒక ఆవు పోయింది.

వేదిక లేదు గనుక హన్మా లారీ వెనక పలక దించారు. ఇద్దరూ ఎక్కారు. రామలింగయ్య మాల పట్టుకుని నిలబడితే ఇటువాళ్ళు "ముందు మా వారికి" అన్నారు, అటువాళ్ళు "ముందు మా వారికి" అన్నారు. ముసలాయన, చేతులు పడిపోయాయి.

"మీరు తేల్చుకునే దాక ఇది వాడిపోతది" అని, లారీ మీద పలక పట్టుకుని ఉన్న హన్మా మెడలో వేసేశాడు.

"మాల పడ్డదిగా, రెండు ముక్కలు చెప్పు" అని కింద నుంచి జనం అరిచారు. వాడు ఏమీ బెరుకు లేకుండా ముందుకు వచ్చాడు.

"మా కష్టసుఖాలు ఇననీకి వచ్చిన్రంట. చెప్తం. ముందు మీ కొట్లాట అయిపోనీయున్రి. మాకేం తొందర లేదు. మా తాతల కాంచి చెప్తనే ఉన్నం."

చప్పట్లు మోగిపోయాయి. నాయకులు ఇద్దరూ కూడా కొట్టారు, రెండోవాడిని అన్నాడని ఎవరికి వారు అనుకుని.

జానా, ఆ రోజును తెచ్చింది నేను. ఒక్క వాక్యంతో తెచ్చాను. అది వాడిదైపోయింది. నాది అని చెప్పుకోవడానికి కూడా లేదు, చెబితే క్యాంపుకు తీసుకుపోతారు. జనంలో వెనక నిలబడి నేను కూడా చప్పట్లు కొట్టాను.

ఇక బెంచీకి పోను. పేపరు మాన్పించాను. మిర్యాలగూడ బడికి బదిలీ కావాలని మిషను వాళ్ళకు రాశాను. నువ్వు అటే రావచ్చు. అక్కడ నన్ను ఎవరూ ఎరుగరు, హన్మా లేడు.

లాజరు


కోదాడ,
9 అక్టోబరు 1949

బెంచీ మీద అలిగిన మా వారికి, మీ జాన నమస్కారాలతో రాసేది.

మీ ఉత్తరాలు మూడూ అందాయి. ఏదీ పొయ్యిలో వేయలేదు. బాలింతకు కళ్ళు పోతాయని అమ్మ ఇన్నాళ్ళు కలం పట్టనివ్వలేదు. చదవడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. ఎందుకో కింద తెలుస్తుంది.

హన్మా పట్నం చూడలేదు. ఆ లారీ సూర్యాపేట దాటి అటు పోనే పోదు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మిల్లు, అంతే దాని తిరుగుడు. మిర్యాలగూడ పోతే వాడు తప్పుతాడని మీరు అనుకుంటున్నారు. అక్కడ వాడికి ఇంకా తీరిక ఎక్కువ.

బెజవాడ నుంచి వచ్చే పొద్దుటి బస్సు నాకాలో ఒక పేపరు వేసి పోతుంది. నాకా సాబుకు తెలుగు రాదు. యేసయ్య దాన్ని ఇంటికి తెస్తాడు. నేను ఇంటి ముందు మంచం మీద కూర్చుని చదువుతాను. అమ్మ, పక్కింటి శాంతమ్మ, ఇంకా నలుగురు ఆడవాళ్ళు వింటారు. సుంకం చిట్టీ కోసం లారీలు నాకాలో పూటంతా ఆగుతాయి కదా, హన్మా కూడా వచ్చి చూరు కింద కూర్చుంటాడు. వాడు మీ బెంచీ మీద చెప్పినవన్నీ నేను చదివినవి, చదివి నేను అన్నవి. ఎవరు చెప్పారో అనవద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను.

ఇద్దరు పెండ్లికొడుకుల మాట ఎక్కడో విన్నట్టుందని రాశారు. మన ఇంట్లోనే విన్నారు. నేను ఇక్కడికి వచ్చే ముందు, బియ్యం ఏరుతూ అన్నాను. మీరు చెప్పులు వేసుకుంటూ "ఊ" అన్నారు. బర్రె కథ నిజమే. ఆ ముసలావిడ మా అమ్మ. మీకు సంతోషం లేకుండా చేసినందుకు ఏమీ అనుకోకండి.

మీ మొదటి ఉత్తరం చూసినప్పుడే హన్మాను ఆపి ఉండవచ్చు. ఆపలేదు. మీకు బాధ కలుగుతోందని తెలిసీ మరునాడు ఇంకా మంచి మాట వెదికి ఇచ్చాను. మిషను హాస్టల్లో నేను మీతో సమానంగా చదువుకున్నాను. పెళ్ళయిన నాటి నుంచి ఆ బెంచీని చూసి కుళ్ళుకుంటున్నాను. సాయంత్రం పేపరు రాగానే మీతో పాటే పోతుంది. ఇంటికి వచ్చేసరికి పకోడీల పొట్లం. నేను ఆ పొట్లాలు విప్పి చదివేదాన్ని. నూనె అంటిన చోట అటుపక్క అక్షరాలు ఇటుపక్కకు కనపడి, ఇద్దరు నాయకుల మాటలు ఒకదాని మీద ఒకటి పడేవి. తేడా ఏమీ తెలిసేది కాదు. ఆ మాట మీకు చెప్పి నవ్వుకుందామని చూసేదాన్ని. ఊరందరికీ చదివి చదివి మీ గొంతు అప్పటికి అలిసిపోయి ఉండేది.

మీ ఉత్తరాలు ఇప్పుడు మళ్ళీ చదివాను. బిడ్డ గురించి మూడు ముక్కలు ఉన్నాయి, హన్మా గురించి పేజీలు ఉన్నాయి. నాకు కోపం రాలేదు. ఎదురుగా ఉండగా ఇన్ని మాటలు మీరు నాకు ఎన్నడూ చెప్పలేదు. హన్మా పుణ్యమా అని చెప్పారు.

నొప్పులు మొదలైన పొద్దున పేపరు సగంలో ఉంది. మంత్రసాని పని చేస్తూనే శాంతమ్మ, "మిగతా సగం ఏమైందే జానా" అని అడిగింది. బిడ్డ ఏడ్చాక కూడా ముందు అదే అడిగింది.

లారీ మీద హన్మా చెప్పిన మాట మాత్రం నాది కాదు. అది వాడిదే. యేసయ్య వచ్చి చెబితే నాకూ కాస్త కుళ్ళు పుట్టింది. మీ తలనొప్పి మాత్రల వార్తకు కూడా. అట్లాంటిది నేను అల్లలేను.

మిషను వాళ్ళకు ఇంకో ఉత్తరం రాసి బదిలీ వద్దనండి. పేపరు మళ్ళీ తెప్పించండి. వచ్చే శనివారం హన్మా లారీలోనే వస్తున్నాం. నేను, బిడ్డ, అమ్మ ముందు సీట్లో, వాడు వెనక బస్తాల మీద. ఆ పొద్దుటి పేపరు నా ఒళ్ళో ఉంటుంది. లారీ ఎటూ హోటల్ ముందే ఆగుతుంది. ఇంటికి పోయే ముందు అక్కడే చదువుతాను. బిడ్డను మీరు ఎత్తుకోండి. రామలింగయ్య గారు ఏమంటారో నాకు తెలియదు, ధన్‌సింగ్ మాత్రం తల ఊపుతాడు.

మీరు బెంచీ మీద జర జరిగి కూర్చోండి.

మీ
జాన