గోడవతలి పెరుగు

మెదక్

చిరంజీవి వర్షితకు పెద్దమ్మ ఆగమ్మ దీవెనలతో రాసేది. నేను మంచిగున్న. పెరుగే మంచిగ లేదు.

ఎనిమిది రోజులాయె, మన పాల కొట్టుల పెరుగు తోడుకుంటలేదు. తోడేసి పెడితే తెల్లారి పాలు పాల లెక్కనే ఉంటున్నయి. మా అత్త కాలం నుంచి నలభై ఏండ్లుగ నడుస్తున్న తోడు. నాకు అనుమానం పక్కింటి ఎలిశిబా టీచర్ మీదనే. పోయిన నెల నా దగ్గర గిన్నెడు తోడు తీస్కపోయింది. ఇప్పుడు ఆమె పెరుగు గడ్డ లెక్క తోడుకుంటున్నది, నాది నీళ్లు. దిష్టి గాక ఇంకేంది? నెలాఖరు ఆదివారం చర్చిల కోతల పండుగ. భోజనాలకు పెరుగు నేనే ఇస్తనని మాటిచ్చిన. ఆ మాట ఇప్పిచ్చింది గూడ ఆ టీచరే! నలుగురిల పరువు పోతది బిడ్డా.

నువ్వు హైదరాబాద్‌ల సూక్ష్మజీవుల మీదనే గదా రీసెర్చ్ చేసేది, ఏదన్న ఉపాయం చెప్పు. ఫోన్ మాత్రం చెయ్యకు. మా రెండిండ్ల నడుమ ఉన్నది ఒక్క ఇటుక గోడ. నేను తుమ్మితే ఆమె అటునుంచి "ప్రభువు కాపాడుగాక" అంటది.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క.: కుండకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టిన. పెరుగు కాలేదు గని చారుకు సామాన్లు జమైనయి.

*

హైదరాబాద్

పెద్దమ్మకు వర్షిత నమస్కారాలు. నీ ఉత్తరం చదివి మా ల్యాబ్‌లో అందరం ముందు నవ్వినం, తర్వాత ఆలోచించినం.

ఇది దిష్టి కాదు. పాలను పెరుగు చేసేది బ్యాక్టీరియా. దానికి కూడా వైరస్ సోకుతుంది. ఆ వైరస్ మనుషుల్ని ఏమీ చేయదు కానీ, బ్యాక్టీరియాలో దూరి వందల్లో పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. బ్యాక్టీరియా మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటుందా? నేను చూస్తున్నది అదే. కొన్నిట్లో వైరస్ దూరగానే ఒక చిన్న అణువు తయారవుతుంది. అది సైరన్ లాంటిది. సైరన్ మోగగానే ఆ బ్యాక్టీరియా, లోపలి వైరస్ పెరగకముందే, తనను తానే చంపుకుంటుంది. వైరస్ అక్కడే ఆగిపోతుంది, చుట్టుపక్కలవి బతుకుతాయి. ఇలాంటి సంకేతాలు మన ఒంట్లో కూడా ఉన్నాయి.

కుండలు మసిలే నీళ్లతో కడుగు. ఆ పాత తోడు వాడకు, కొత్తది తీసుకో.

ఇట్లు,
వర్షిత

తా.క.: టీచర్‌ను ఏమీ అనకు.

*

మెదక్

బిడ్డకు దీవెనలు. వైరస్ అన్న మాట చదవంగనే కరోనాల ఏమేం చేసినమో అన్నీ చేసిన. కుండలను వెనక అర్రల పద్నాలుగు రోజులకని పెట్టిన, ఒకదానికొకటి రెండు మూరల దూరం. మూతలకు బదులు మాస్కులు కట్టిన. దవాఖానకు పోయి టీకా వెయ్యాలె అన్న. డాక్టర్ రఘుపతి చీటీ తీసి పేషెంట్ పేరడిగిండు. పెరుగు అన్న. వయసెంత అన్నడు. నిన్న సాయంత్రం తోడేసిన అన్న. పెన్ను కింద పెట్టి నా బీపీ చూసిండు.

పాత తోడు అంతా పారబోసిన. అత్త చేతి తోడు మట్టిల కలుస్తుంటే ఏడుపాగలేదు. పక్కోళ్ల కోసం పానమిచ్చే జీవులని నువ్వు రాసింది యాదికొచ్చి ఇంకా ఏడ్చిన. ప్యాకెట్ పెరుగు తెచ్చి తోడేస్తే తోడుకున్నది గని, ఆ రుచి మనది గాదు. అది పండుగల పోస్తే నన్నేమంటరు?

వైరస్ టీచరమ్మ గిన్నెతోనే వచ్చిందని నా అనుమానం. అందుకే రెండు గుమ్మాల నడుమ సుద్దముక్కతో గీత గీసి, "ఇటు రావొద్దు టీచర్" అన్న. ఆమె లోపలికి పోయి తలుపేసుకున్నది.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: శానిటైజర్ పాలల్ల ఎన్ని చెంచాలు పొయ్యాలె?

*

హైదరాబాద్

పెద్దమ్మా, నమస్కారం తర్వాత పెడతా. ముందు ఆ శానిటైజర్ సీసా పాలకు దూరంగా పెట్టు!

తప్పు నాదే, మనుషుల రోగం లెక్క రాసిన. కుండలకు క్వారంటైన్ వద్దు, మసిలే నీళ్లు చాలు. ఇప్పుడు జర ఆలోచించు. టీచర్ పోయిన నెల తీసుకుపోయింది ఎవరి తోడు? నీదే. అంటే మీ అత్తమ్మ తోడు పోలేదు, గోడవతల గడ్డ లెక్క తోడుకుంటోంది. వైరస్ అటు పోనేలేదో, పోయినా అక్కడి బ్యాక్టీరియా తట్టుకుందో, పరీక్ష చేస్తే గానీ తెలియదు. ఏదైనా నీ పెరుగు బతికున్న ఇల్లు అదొక్కటే. పోయి ఒక్క చెంచా అడుగు. నాకూ చిన్న సీసాలో పంపు.

ఇట్లు,
వర్షిత

తా.క.: సుద్దగీత నువ్వే తుడువు.

*

మెదక్

బంగారు బిడ్డకు దీవెనలు. రెండు రోజులు గీత దాక పోయి మళ్లొచ్చిన, మొఖం చెల్లలేదు. శనివారం నాడు, పండుగ తెల్లారే అనంగ, కొంగుతోనే గీత తుడిచి తలుపు కొట్టిన. నేను నోరు తెరవకముందే టీచరమ్మ చెయ్యి పట్టుకొని వంటింట్లకు తీస్కపోయింది. గోడ పొంటి పన్నెండు కుండలు. కుండ వంచినా పెరుగు జారలేదు. ఒక్క చెంచా నోట్లె పెట్టుకుంటే మా అత్త వచ్చి ఎదుట నిలబడ్డట్టయింది. "నీ మాట పోవద్దని తోడేసిన అక్కా" అన్నది. ఆమెను పట్టుకొని ఏడ్చిన.

ఆదివారం భోజనాలల్ల అందరూ మళ్లమళ్ల అడిగి పోయించుకున్నరు. కొట్టు మళ్ల తెరిచిన. నీ సీసా పంపుతున్న. ఒక్కటే సమజైతలేదు. ఫోన్ల మాట్లాడలేదు, ఎవ్వలకు చెప్పలేదు. నా తోడు పోయిందని ఆమెకెట్ల ఎరుక?

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క.: వర్షితమ్మకు ఎలిశిబా టీచర్ దీవెనలు. ఈ ఉత్తరం పోస్టు చెయ్యమని నాకే ఇచ్చింది, అందుకని ఈ నాలుగు ముక్కలు నేను రాస్తున్న. మీ పెద్దమ్మ ఒక్కొక్క మాట పైకి అనుకుంట రాస్తది. నీ ఉత్తరం వస్తే గట్టిగ రెండుసార్లు చదువుతది. దిష్టి నాదన్న నాడు కోపమొచ్చింది. తోడు పారబోసి ఏడ్చిననాడు కోపం పోయింది. నీ సైరన్ గోడ ఇవతల నాకే ముందు వినపడ్డది. ఈ సంగతి ఆమెకు రాయకు బిడ్డా. ఉత్తరాలు ఆపేస్తే నాకు పొద్దెట్ల పోతది?