మూడు పేటల తాడు

నారాయణపేట,
14-9-1993, మంగళవారం.

చీరాలలో ఉన్న బావ కాటమయ్యకు,

బామ్మర్ది ఎల్లస్వామి నమస్కారం పెట్టి రాస్తున్నది. ఈ నమస్కారం నీ వయసుకు, మా అక్క మొగుడివన్న వరుసకు. నీ బుద్ధికి కాదు. ఇక్కడ నేనూ, బిక్షమ్మా, పిల్లలూ బాగానే ఉన్నాం. మగ్గం ఆడుతోంది. వానలు ఆలస్యంగానైనా పడ్డాయి. మీ సంగతంటావా, ఉత్తరం అడుగున స్టాంపు అంత జాగాలో ‘మేము మంచిగున్నము’ అని ఇరికించావు కనుక ఇక అడిగే పనిలేదు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఏడేళ్లనుంచి అక్క పండుగకొక కార్డు రాయిస్తోందే తప్ప నీ చేతిరాత ఈ ఇంటికి రాలేదు. కవరు మీద నీ రాత చూడగానే అక్కకు ఏమైందో అని గబగబా చించాను. బిక్షమ్మ పొయ్యి మీది గిన్నె దించి, చదువు చదువు అంటూ వచ్చి కూర్చుంది. చదివాను. మొదటి మాట ఏమిటి? సముద్రం ఒడ్డున గాలమెయ్యాలంటే కట్టె ఎంత పొడుగుండాలె బామ్మర్దీ అని! బిక్షమ్మకు నవ్వొచ్చింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

నాలుగు పేజీల్లో మూడున్నర చేపలే. అక్క మోకాలి నొప్పి ఎట్లా ఉందో లేదు. మీ పెద్దపిల్ల ఎన్నో తరగతో లేదు. వాడరేవులో ఎవడో పట్టిన పండుగప్ప తోక ఎన్ని జానలో మాత్రం కొలిచి రాశావు. పనితనం గురించి అడిగితే నోరు మూసుకుని ఉండలేని జబ్బు నాది, అది నీకు తెలుసు. అందుకని చెబుతున్నాను, విను.

ముందు కట్టె. మన చెరువు మీద వాడిన ఆరడుగుల వెదురు కంక కట్టెను సముద్రం మీదికి విసిరితే అది రెండు ముక్కలైందట. కాక ఏమవుతుంది? చెరువులో చేప నీ కాళ్ల ముందుకే వస్తుంది. అక్కడ అల విరిగే చోటు దాటి ఎర పడాలి. పన్నెండడుగులకు తగ్గొద్దు. బోలు వెదురు తీసుకోకు, లోపల గట్టిగా ఉన్నది చూడు. మొదలు నీ మణికట్టంత, కొస చిటికెన వేలంత ఉండాలి. పచ్చిది తెచ్చి ఎండలో పెడితే పగులుతుంది. నెల రోజులు నీడలో వేలాడదీసి, వంకరలను నిప్పు సెగకు సరిచేసి, ఆముదం పట్టించాలి. నీకు అంత ఓపిక ఎక్కడిది? తలంబ్రాలు పోయకముందే బువ్వ ఎప్పుడు పెడుతరు అని అడిగిన పెళ్లికొడుకువి. దుకాణంలో ఫైబర్ కట్టెలు అమ్ముతున్నారు, కొననా అని కూడా అడిగావు. కొనుక్కో. కొనేముందు చేతబట్టి ఊపి చూడు. కొస ఒక్కటే వంగి మిగతాది రోకలిలా బిగుసుకుని ఉంటే అక్కడే పెట్టేసి రా. సగం దాకా వంగితేనే విసిరినప్పుడు బరువును ముందుకు తోస్తుంది.

ఇక దారం చుట్టే చక్రం సంగతి. సైకిల్ దుకాణం నూరుద్దీన్ హబ్బుకు చెక్క కండె బిగించి నీకు చేసిచ్చిన చక్రం ఇంకా తిరుగుతోందని రాశావు. తిరుగుతుంది, చేసింది నూరుద్దీన్ కనుక. కానీ ఉప్పునీళ్లకు లోపలి గోలీలు తుప్పు పడతాయి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, గ్రీజు పెట్టు. ఆయన స్పోకులతో వంచిన గాలాలు అక్కడ పనికిరావు, వారంలో పొడి పొడి అవుతాయి. కళాయి పూసినవి అక్కడే దొరుకుతాయి కదా. నీ ఉత్తరం చూపిస్తే నూరుద్దీన్, కాటమయ్య భాయ్ నన్నింక యాది జేస్తుండా అని కండ్లు తుడుచుకున్నాడు. అది చూసైనా నీ మీద కోపం తగ్గాల్సింది. తగ్గలేదు.

సీసం గుండు గుండ్రంగా ఉంటే అలతో పాటు దొర్లి ఒడ్డుకే వస్తుంది. సుత్తితో కొట్టి నాలుగు పలకలు చెయ్యి, ఇసుకలో కూరుకుని నిలబడుతుంది. నేను సముద్రం మొహం చూసినవాణ్ని కాదు. నువ్వు రాసింది చదివి, మగ్గం గుంటలో కూర్చుని ఆలోచించి చెబుతున్నాను. నువ్వు రోజూ చూస్తూ ఆ మాత్రం ఆలోచించలేకపోయావు.

గాలానికి ఎరగా కట్టే జరీ పురుగులు పది పంపమన్నావు. సిగ్గులేదా అని రాద్దామనుకుని పన్నెండు చేశాను. వేరే పార్సిల్‌లో వస్తున్నాయి. పాత కొంగుల జరీ విప్పి, తెల్లకోడి ఈక తోక పెట్టాను. మన చెరువులో కప్పలా గెంతిస్తే కొర్రమట్ట ఎగిరి మింగేది, గుర్తుందిగా. అక్కడ కప్పలేమీ ఉండవు. చిన్న చేప ప్రాణభయంతో పారిపోతున్నట్టు ఆపి ఆపి వేగంగా గుంజాలి. అందుకే వేలెడు పొడుగు చేశాను. బిక్షమ్మ పక్కన కూర్చుని, గింత కోపమున్నోడు గింత సక్కగ చేస్తడా అని ఎత్తిపొడిచింది. చేతులకు కోపం ఉండదు, నోటికే ఉంటుంది అన్నాను.

ఇక దారం. ఇక్కడికి వచ్చి రెండు రోజులు కలం ఆగింది.

ఆ రోజు నువ్వు మరిచిపోయినా నేను మరవను. మక్తల్ అవతల కృష్ణ ఒడ్డు, బండ మీద నువ్వు, నీ వెనక నేను. గట్టున నూరుద్దీన్‌తో పాటు మన నేతగాళ్ల సొసైటీ వాళ్లు పదిమంది. నీ గాలానికి వాలుగ చేప పడింది. ఒక్కసారి నీళ్లపైకి తేలితే అందరం చూశాం, మనిషి నడుమెత్తు ఉంది. గంటసేపు గుంజావు. ఒడ్డు ఇంకా నాలుగు బారల దూరం ఉందనగా దారం తెగింది. నువ్వు వెల్లకిలా పడ్డావు. లేచి, పదిమంది ముందు ఏమన్నావు? నీ దారం సచ్చుదారం రా ఎల్లసామీ, నీ చీరెలు గూడ గింతేనా అన్నావు. చీరలు నేసి బతికేవాణ్ని పట్టుకుని అనే మాటేనా అది!

ఆ దారం నేను వారం రోజులు కూర్చుని పేనాను. ఆరు పోగుల పట్టు. మైనం పట్టించాను. నీ కళ్లముందే మగ్గం దూలానికి కట్టి ఇసుర్రాయి వేలాడదీశాను. రాయి ఊగింది కానీ దారం తెగలేదు. అది చూసి శభాష్ అని నా వీపు చరిచినవాడివి నువ్వే. అందుకే ఆ రోజు నేనూ ఊరుకోలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట, చేతగానోనికి దారం మీద సాకు అన్నాను. నీకిచ్చి మా అక్క గొంతు కోసినం అని కూడా అన్నాను. సొసైటీ వాళ్లకు చేతగానోడన్న ఆ ఒక్క మాట చాలు. మర్నాటినుంచి నువ్వు తెంపుడు కాటమయ్యవి అయ్యావు. చాయ్ హోటల్లో, నూలు పంచేకాడ, ఎక్కడికి పోయినా తెంపుడు కాటమయ్య. నెల తిరక్కుండా మగ్గం విప్పి, అక్కనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లిపోయావు. బస్సు కిటికీలోంచి అక్క నావైపు చూసింది. మళ్లీ ఇప్పటిదాకా నేను అక్క మొహం చూడలేదు.

ఇంత జరిగాక ఇప్పుడు నువ్వేం రాశావు? తప్పు నాదే బామ్మర్దీ, నీ దారం మంచిదే, నేనే ఆగక గుంజిన, ఏడేండ్లు మనసుల పెట్టుకున్న, మాఫ్ చెయ్యి అని రాశావు. ఎవడడిగాడు నిన్ను మాఫీ? ఏడేళ్లు ఊరుకున్నవాడివి ఇంకో ఏడేళ్లు ఊరుకోలేకపోయావా? ఆ ముక్క బిక్షమ్మకు చదివి వినిపించలేదు. కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకుని మగ్గం గుంటలోకి దిగాను. ఆ పూట నేసిన మూరెడు బట్టనూ మళ్లీ విప్పాల్సి వచ్చింది.

అంతటితో ఆగావా? చక్రం మీద మిగిలిన ఆ దారాన్నే మూడు పేటలు పేని తాడు చేశావట. పున్నమినాటి పొద్దున ఆ తాడు నడుముకు కట్టుకుని, మొదటి అల దాటి రొమ్ములోతు దిగి గాలం విసురుతావట. ఒడ్డున మా అక్క కొస పట్టుకుని నిలబడుతుందట. నీ దారం మీద నాకంత నమ్మకం అని రాసి కింద గీత కూడా గీశావు.

చూడు బావా, ఆ తాడు వాడకు. అది ఏటి కోసం చేసిన దారం, సముద్రానికి కాదు. ఉప్పు పట్టును తినేస్తుంది. ఏడేళ్ల పాతది, ఎలుకలు కొరికి ఉండొచ్చు, ఎండకు మాడి ఉండొచ్చు. అక్కడ వలలు అమ్మేచోట తంగూసు, అదే నైలాన్ దారం, దొరుకుతుంది. గాలానికి అదే వాడు. గోరుతో గీరి చూసి, గరుకు తగిలితే మార్చెయ్యి. పట్టు నేసే నేనే చెబుతున్నాను, సముద్రానికి తంగూసే మేలు. నడుముకు ఏ తాడూ కట్టుకోవద్దు, అసలు మోకాలి లోతు దాటొద్దు. కట్టె పొడుగున్నది ఎందుకు మరి? పెళ్లాం పిల్లలున్నవాడివి.

అక్కకు నా దండం చెప్పు. మోకాలికి నల్లేరు కాచిన నూనె రాయమను. పిల్లలకు ఆశీర్వాదాలు.

ఇట్లు,
నీ మీద కోపం చల్లారని బామ్మర్ది,
ఎల్లస్వామి.

తా.క.: కవరు అంటించి పోస్టు డబ్బా దాకా పోయాను. లోపల వేయబోయి వెనక్కి వచ్చి, చించి, ఇది రాస్తున్నాను. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషివి. ఉప్పు అని, ఎలుకలు అని చెబితే ఆగవు. బామ్మర్దికి కోపం పోలేదులే అని నవ్వుకుని అదే తాడు కట్టుకుంటావు.

ఆ దారంలో ఆరు పోగులూ పట్టు కాదు. మూడే పట్టు. మిగతా మూడు నకిలీ పట్టు. గురువారం ఏటికి పోదామని అందరికీ చెప్పేశాక చూసుకుంటే మిగులు పట్టు చాల్లేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ అయింది. గింత మెరుస్తాందేందిరా అని నువ్వు అడిగావు కూడా. అసలు పట్టు గట్లనే మెరుస్తది అన్నాను. నకిలీ పట్టు ఎండినప్పుడు ఇసుర్రాయినైనా మోస్తుంది, తడిస్తే సగం బలం ఉండదు. నూలుకు రంగేసే గోళెంలో అది పుటుక్కున తెగడం వందసార్లు చూసినవాణ్ని, నాకు తెలియక కాదు. మైనం ఉన్నంతసేపు ఆగింది. గంటసేపు నానాక తెగింది. నువ్వు వెల్లకిలా పడ్డ క్షణానే నాకు తెలిసిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నీకంటే పెద్దగా అరిచింది అందుకే. ఏడేళ్లనుంచి నాకున్న కోపమంతా ఎవరి మీదో ఇప్పుడు నీకు తెలిసింది.

నూరుద్దీన్‌కు ఇప్పుడే చెప్పాను.  ఆయన, నాకెందుకు చెప్తున్నవు, పదిమందిల అన్న మాట పదిమందిలనే ఎనుకకు తీస్కోవాలె అన్నాడు. సోమవారం సొసైటీలో చెబుతాను. తెంపుడు అనే పేరు ఎవరిదో ఆ రోజు తేలుతుంది. రేపు పొద్దున టెలిగ్రాం కూడా ఇస్తున్నాను. అందులో తాడు కట్టుకోవద్దు అని మాత్రమే ఉంటుంది. ఎందుకో ఇందులో చదువుకో.

నమ్మకం లేకపోతే ఆ దారం జానెడు కోసి, పొద్దుటినుంచి మాపటిదాకా చెంబులో నానబెట్టి గుంజి చూడు. తెగితే నేను చెప్పింది నిజం. తెగకపోయినా నిజమే, ఈ ఒక్కసారి నమ్ము. నన్ను తర్వాత ఎన్నైనా తిట్టు, ఇంటికొచ్చి తిట్టు. ముందు ఆ కొస మా అక్క చేతిలోనుంచి తీసెయ్యి బావా.