సాన పట్టించిన కత్తెర

అమ్మలూ, నేను మందులకి వెళ్తున్నాను. నాన్నని నిటారుగా కూర్చోబెట్టాకే జావ పట్టు, లేకపోతే పొలమారుతుంది. రక్తం పలచన చేసే మాత్ర జావ తాగాకే వెయ్యి. మూతి ఇంకా వంకరపోయినా, మాట ఇంకా ముద్దగా వచ్చినా గడియారం చూసి వెంటనే అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. నాకోసం ఆగకు.

ఆ పొద్దున కుట్టుమిషను దగ్గర నాన్నకి చెయ్యి పట్టు తప్పి గుడ్డ వంకరగా తెగితే, "కత్తెర మొద్దుబారిందే" అన్నారు. నేను వెర్రిదాన్లా సాన పట్టించడానికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి పడుకున్నారు. అలసిపోయారేమోనని సాయంత్రందాకా లేపలేదు. మెదడులో రక్తపుగడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి వేళ దాటిపోయిందన్నారు డాక్టరు.

అన్నట్టు, సైగ చేసినా కత్తెర ఇవ్వకు, తెగితే రక్తం ఆగదు. నిన్న ఎడమచేతి బొటనవేలితో పదును చూసుకుని, సగం మూతితో నావైపు నవ్వారు. తిట్టినా బాగుండేది.