రెండు రైఫిళ్ల బోల్టులు

అన్నా,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. రిఫాలో మనిద్దరికీ పనిచ్చిన అరబ్బు యజమాని, మన కఫీల్ దగ్గరున్న, మరమ్మతు చేసిన రెండు పాత బ్రిటిష్ రైఫిళ్లను చూడ్డానికి ఒకాయన వచ్చాడు. ఒకదాని తూటా ఎక్కించే బోల్టు లాగి, "తుపాకీ నంబరు వేరు, దీని నంబరు వేరు. అసలుది ఎవరో కాజేశారు" అన్నాడు.

కఫీల్ నావైపు చూశాడు. రెండోదాని బోల్టు తీశాను. మొదటిదాని నంబరు దానిమీద ఉంది!

"ఒకటి బిగించినంకనే ఇంకోటి విప్పాలె తమ్మీ" అనేవాడివి. ఆఖరిసారి వాటిని విప్పి నూనె పెట్టింది నువ్వే.

"మీ అన్న పనా, నీ పనా?" కఫీల్ గద్దించాడు.

"నాదే, బాబా."

తిట్లు తిని, బోల్టులు మార్చి బిగించాను. ఆ ఇంట్లో నీ పనిని ఇప్పటికీ ఎవరూ వేలెత్తి చూపలేదన్నా.