అందరికీ ఒకటే కంప్రెసర్

మార్చి 3, సోమవారం

బావతో మళ్ళీ గొడవ. వాళ్ళ గ్రూపులో పాడేది ముగ్గురు: బావ, మా అక్క, బావ తమ్ముడు. ఆ తమ్ముడికి పిచ్చుక అని పేరు పెట్టింది నేనే. గొంతూ అంతే, గుండే అంతే. నా స్టూడియోలో రికార్డింగ్‌కి ముగ్గురికీ మూడు మైకులు పెట్టాక మూడు కంప్రెసర్లు కూడా పెడతానన్నాను. బావ ఒప్పుకుంటేనా! మాది ఒకటే గొంతు మరదలా, ఒకటే కంప్రెసర్ చాలు అంటాడు. ఈ గొప్ప సూత్రం ఆయనకు ఎవరు నేర్పారో గానీ వాళ్ళని పట్టుకుని రెండు తగిలించాలి.

కంప్రెసర్ చేసే పని ఎంతని? గొంతు హద్దు దాటితే నొక్కుతుంది, ఆపైన మొత్తాన్నీ కలిపి పైకి లేపుతుంది. ఒక్కరికే వాడితే గుసగుస కూడా వినిపిస్తుంది. ముగ్గుర్నీ ఒకదాని కిందకు తోస్తే, ఒకడు అరిచినప్పుడల్లా ముగ్గురికీ నొక్కుడే. అరిచేది ఎవరో వేరే చెప్పాలా? బావ నోరు తెరిస్తే చాలు, అక్క మునిగిపోతుంది.

సరే అని ఆయన కళ్ళ ముందు ఒకటే పెట్టాను. వెనకాల మూడు గొంతుల్నీ విడివిడిగా కూడా రికార్డు చేసుకున్నాను. చెప్పలేదు. నా స్టూడియో, నా ఇష్టం.

వెళ్ళేటప్పుడు ఒక మాట అన్నాను. అక్క గొంతు లైను చివర పడిపోతోంది, ఊపిరి సరిగ్గా తీసుకోమనండి, కంప్రెసర్ మాత్రం ఎంతని లేపుతుంది అని. బావ నవ్వి, నేను చూసుకుంటాలే అన్నాడు.

మార్చి 4, మంగళవారం

అక్క ఇంకా దారుణంగా పాడింది. పందొమ్మిది టేకులు. ఒక చెయ్యి పక్కటెముకల మీంచి తియ్యదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నిన్న చెప్పింది గాలికి పోయిందా అని అద్దం ఇవతల నుంచి మైకులో అరిచాను. అక్క తలొంచుకుంది. బావ మళ్ళీ నవ్వాడు.

మార్చి 6, గురువారం, ఉదయం 11

 

లైను చివర ఎందుకు పడిపోతోందో చూద్దామని మంగళవారం నాటి అక్క ట్రాక్ ఒక్కటే సోలో పెట్టాను. కంప్రెసర్ గట్టిగా బిగించాను. మామూలుగా వినపడనివన్నీ పైకి లేచాయి. ఏసీ గాలి, బట్టల రాపిడి, కుర్చీ కిర్రు. ప్రతి ఊపిరి చివరా ఒక మూలుగు, పళ్ళ మధ్య నొక్కేసింది.

తొమ్మిదో టేకు అయ్యాక బావ ఆమె మైకు దగ్గరికి వచ్చాడు. నవ్వుతూ మాట్లాడుతున్నాడనుకున్నాను ఆ రోజు. ఇప్పుడు ప్రతి మాటా వినిపించింది. ఊపిరి లేదని మీ చెల్లెలే చెప్పింది కదే, రాత్రి ఒక్క పక్కటెముకే విరిచాను, ఇవాళ ఇంటికి పద, రెండోది కూడా విరుస్తా అన్నాడు. తర్వాత ఒక మెత్తటి చప్పుడు. మోచేతితో పొడిచి ఉంటాడు, సరిగ్గా విరిగిన చోటే. అక్క ఊపిరి నాలుగు సెకన్లు ఆగిపోయింది.

ఆ వెంటనే వచ్చింది నా గొంతు. నిన్న చెప్పింది గాలికి పోయిందా అని.



అదే రోజు, మధ్యాహ్నం 3

బావ ఇంట్లో లేని టైం చూసి వెళ్ళాను. అక్క వద్దంటున్నా చొక్కా పైకెత్తి చూశాను. ఛాతీ పక్కన అరచెయ్యంత నలుపు, చుట్టూ పసుపు. ఎన్నాళ్ళ నుంచి అంటే చెప్పదు. పోయినేడు తలుపు సందులో పడిందన్న చిటికెనవేలు గుర్తొచ్చింది. మెట్ల మీద జారిందన్న మోకాలు కూడా. నాదెంత మొద్దు బుర్ర. జీవితమంతా వినడమే పని పెట్టుకుని సొంత అక్క మూలుగు వినలేదు.

పద అన్నాను. రికార్డింగ్ అయ్యేదాకా ఆగవే, మధ్యలో వస్తే మన ఇద్దర్నీ బతకనివ్వడు అంది. నేను ఆగలేదు. నాలుగు జతల బట్టలు సంచిలో కుక్కి తీసుకొచ్చేశాను.

మార్చి 8, శనివారం

వచ్చాడు. ఇకనుంచి ఆయనా లేదు, బావా లేదు. వాడు.

పట్టపగలు తలుపు గొళ్ళెం ఊడిపడేలా తన్నాడు. అక్కను జుట్టు పట్టుకుని రెండంతస్తుల మెట్లూ ఈడ్చుకుపోయాడు. ఒక్కో మెట్టుకూ ఆమె మడమ తగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అడ్డుపడితే నా మెడ పట్టి ముఖాన్ని గోడకేసి కొట్టాడు. పన్ను ఊడింది. పక్కింటావిడ తలుపు తీసింది, చూసింది, మళ్ళీ వేసుకుంది.

పోలీసులకు ఫోన్ చేశాను. ఒకాయన వచ్చి, ఇంటి గొడవలు ఇంట్లోనే తేల్చుకోవాలమ్మా అని నాకే నీతులు చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

పన్ను కాగితంలో చుట్టి సొరుగులో పెట్టాను. ఎందుకో నాకే తెలియదు.

మార్చి 10, సోమవారం

రేపు ఆఖరి పాట. ఏమీ జరగనట్టు ఫోన్ చేసి పదకొండుకి వస్తామన్నాడు. రానీ.

మార్చి 11, మంగళవారం, సాయంత్రం 6

అన్నీ వరుసగా రాయాలి. మర్చిపోకముందే.

వస్తూనే, పెదవికి ఏమైంది మరదలా అని అడిగాడు.  ముగ్గురూ మైకుల ముందు నిలబడ్డారు. మూడో టేకులో అక్క పై స్వరం అందుకోలేకపోయింది. వాడు హెడ్‌ఫోన్లు తీసి, జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి, నింపాదిగా నడిచి వెళ్ళాడు. అక్క జుట్టు వెనక నుంచి పట్టుకుని ముఖాన్ని మైకుకేసి కొట్టాడు. మీటర్లన్నీ ఎర్రబడ్డాయి. మళ్ళీ కొట్టాడు. మైకు జాలీ నిండా రక్తం.

అద్దం తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తాను. పిచ్చుక హెడ్‌ఫోన్లు చెవులకుండగానే గోడకు అతుక్కుపోయాడు. మూల పాత మైకు స్టాండు ఉంది, అడుగున ఇనప దిమ్మ ఉన్న రకం. దాన్ని తిరగేసి పట్టుకుని వాడి కుడి భుజం మీద వేశాను. ఎముక పుటుక్కుమంది. కింద పడ్డాడు. పడి గోలగోలగా అరిచాడు. లేచానంటే ఇద్దర్నీ చంపేస్తా, నరికి పారేస్తా అని.

మళ్ళీ కొట్టాను. గొంతు మీద. అరుపు ఆగిపోయింది.

రెండోసారి ఎందుకు కొట్టానో తెలియదు. అప్పటికే వాడు నేల మీద ఉన్నాడు. చెయ్యి దానంతటదే లేచింది.

మార్చి 12, బుధవారం

చావలేదు. గొంతులో గొట్టం వేశారు. స్వరపేటిక నుజ్జయింది, మాటే కష్టం, పాట సంగతి మర్చిపోండి అన్నాడట డాక్టరు. సంతోషించాను. దాచుకోవడమెందుకు, చాలా సంతోషించాను.

అక్క ముక్కుకు కట్టు. నా దగ్గరే ఉంది.

మార్చి 14, శుక్రవారం, మధ్యాహ్నం

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. వాడు ఎడం చేత్తో కాగితం మీద రాసిచ్చాడట. నేను కింద పడ్డాక నా పెళ్ళామే కొట్టమంది, అక్కాచెల్లెళ్ళు కూడబలుక్కుని చేశారు అని. అదే నిజమైతే ఇది ఆత్మరక్షణ కాదు, హత్యాయత్నం, ఇద్దరూ లోపలికే అంది. మైకులు నడుస్తూనే ఉన్నాయి కదా, రికార్డింగ్ రేపు పదింటికల్లా తెచ్చివ్వమంది.

నువ్వేమైనా అన్నావా అక్కా అని అడిగాను. గుర్తులేదే అంది. నాకైతే ఏమీ వినపడలేదు. వాడి అరుపు తప్ప.

అదే రోజు, సాయంత్రం 5

అక్క ట్రాక్ సోలో.

ఉంది. చంపేస్తా నరికేస్తా అని అరిచి వాడు ఊపిరి పీల్చుకున్న సందులో, రక్తం మింగుతూ, చాలా మెల్లగా అంది. గొంతు మీద కొట్టవే. వాడు మళ్ళీ పాడకూడదు.

ఆ వెంటనే దిమ్మ పడిన చప్పుడు.

అదీ సంగతి. నా చెవికి వినపడలేదు, నా చేతికి వినపడింది.

 తర్వాత ఇరవై ఏళ్ళుగా నేను తిట్టిపోసిన పని నా చేతులతోనే చేశాను. ముగ్గుర్నీ ఒకటే కంప్రెసర్ కిందకు తోశాను. రిలీజ్ నాలుగు సెకన్లకు లాగాను. అంటే వాడు అరుపు ఆపినా ఇంకో నాలుగు సెకన్లు అది నొక్కిన చెయ్యి తియ్యదు. చంపేస్తా అన్నది గది అదిరేలా ఉంది. దాని వెనక ఏముందో మూడుసార్లు విన్నా నాకే తెలియలేదు. వాడి గొంతే ఆమె మాటను తొక్కేసింది. ఎప్పటిలాగే.

మార్చి 15, శనివారం

ఇన్‌స్పెక్టరమ్మ రెండుసార్లు వింది. అక్క ముఖం మైకుకు తగిలిన చోట కళ్ళు మూసుకుంది. విడివిడిగా లేవా అని అడిగింది. ఆయన అందర్నీ ఒకదాంట్లోనే కలిపించేవాడు, కావాలంటే తమ్ముణ్ణి అడగండి అన్నాను. 

పిచ్చుక వెంటనే ఒప్పుకున్నాడు. మాది ఒకటే గొంతు అనేవాడండీ అన్నయ్య అన్నాడు. మరి ఆ రోజు మీ వదిన ఏమైనా అనడం విన్నావా అని అడిగింది. హెడ్‌ఫోన్లలో అన్నయ్య తప్ప ఇంకెవరూ వినపడకూడదండీ, అది రూలు అన్నాడు. చెబుతూ నా వైపు చూశాడు. పిచ్చుక విన్నాడు. వాడి మైకు అక్కకు రెండడుగుల దూరం. ఇతనిది పిచ్చుక గుండె అని రాశాను కదా, ఆ మాట కొట్టేస్తున్నాను.

ఆత్మరక్షణ అని రాసుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 2, బుధవారం

ఆ ట్రాక్ చెరిపేశావా అని అడిగింది అక్క. లేదన్నాను. వింటానంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండుసార్లు వింది.

లైను చివర పడిపోయిందే, కాస్త పెంచు అంది.

పెంచాను.