మంగళవారం అయిదున్నర నుంచి ఆరు

నవంబరు 14, శనివారం మధ్యాహ్నం

ప్రభువునందు ప్రియమైన అక్కకు, నీ చెల్లెలు చేతులు జోడించి చెప్పే వందనాలు. బావగారికీ పిల్లలకీ నా మాటగా చెప్పు. ప్రభువు కాపుదలలో ఇక్కడ నేనూ పాపా బాగున్నాం. కుట్టుమిషనుకి కొత్త బెల్టు వేయించాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా?

ఇంతవరకూ ప్రతి ఉత్తరంలోనూ రాసేదే. ఇక అసలు సంగతి. కుదురుగా కూర్చుని చదువు. మధ్యమధ్యలో తిట్టుకోకు, అయ్యాక ఒకేసారి తిట్టు.

మా ఎదురింటి మేడమీద ఉండే లెక్కల టీచరమ్మగారు నీకు తెలుసుగా. వెన్నెముకకి టీబీ వచ్చి ఫిబ్రవరి నుంచి మంచం దిగలేదు. ఆవిడ కోసం మా సంఘంలో గొలుసు ప్రార్థన పెట్టారు. చర్చి గుమ్మం పక్కన గోడకి చార్టు అంటించారు. ఎవరికి ఏ అరగంట వస్తే వాళ్లు ఆ టైముకి ఇంట్లో మోకరించి ప్రార్థించాలి. ఆదివారం వచ్చి తమ గడిలో సంతకం పెట్టాలి. నాకు మంగళవారం తెల్లవారుజామున అయిదున్నర నుంచి ఆరు పడింది.

తొమ్మిది నెలలు ప్రతి ఆదివారం సంతకం పెట్టానక్కా. ఒక్క మంగళవారం కూడా ప్రార్థన చెయ్యలేదు.

చేస్తున్నానని నీకు రాసిందీ అబద్ధమే. మొదటి వారం అలారం పెట్టాను. అది మోగింది, దాని పీక నొక్కేసి పడుకున్నాను. రెండో వారం నుంచి అలారమూ లేదు. బద్ధకం అనుకుంటావేమో. మీ మరిది ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ అదే గోడకి అలాంటి చార్టే, ఒక్క గడీ ఖాళీ లేదు. అప్పుడు నేను రెండేసి గంటలు మోకాళ్ల మీదే ఉన్నాను. అయినా నన్నూ పాపనీ వదిలేసి ఆయన వెళ్లిపోయారు. అప్పట్నుంచి నాకూ దేవుడికీ మాటల్లేవు. చర్చికి వెళ్తాను, పాడతాను, గొంతు బాగుందని ముందు వరసలో నిలబెడతారు కూడా. లోపల మాత్రం ఏమీ లేదు. ఆ గడి నాకొద్దని చెబితే పాస్టరమ్మగారు ఓదార్చడానికి ఇంటికొస్తారని హడలిపోయి సంతకాలు పెట్టుకుంటూ పోయాను.

ఇప్పుడు టీచరమ్మగారు లేచి తిరుగుతున్నారు. మొన్న గురువారం చేతికర్ర పట్టుకుని మెట్లు దిగి, వీధి దాటి, జాకెట్టు కుట్టమని నా దగ్గరికే వచ్చారు. నా పుస్తకంలో ఆవిడ పాత కొలత ముప్ఫయ్యెనిమిది, టేపు చుడితే ముప్ఫయిమూడుకి వచ్చింది. దేవుడు తనని ఎలా లేపాడో ఆదివారం చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెబుతారట. ప్రార్థించిన వాళ్లందర్నీ ముందుకి పిలుస్తాను, నువ్వు నా పక్కనే నిలబడాలి అన్నారు. నా చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. చేతి కొలత తీసుకోవాలండీ అని చెప్పి విడిపించుకున్నాను.

నిన్న పాస్టరుగారికి చెప్పేద్దామని వెళ్లాను. ఆయన మైకు విప్పి వైర్లు సరిచేసుకుంటున్నారు. అయ్యగారూ, నేను ప్రార్థన చెయ్యలేదండీ అన్నాను. ఎంత చేసినా చెయ్యనట్టే ఉంటుందమ్మా అన్నారు. అది కాదండీ, అసలు చెయ్యనేలేదు అన్నాను. ఆయన కళ్లు చెమర్చాయి. ఇంత దీనత్వం ఈ రోజుల్లో ఎక్కడుంది, ఈ మాట ఆదివారం ప్రసంగంలో చెబుతాను అన్నారు. వైరు చివర ఆయన చేతికందించి తిరిగొచ్చేశాను.

నా బుర్ర పనిచెయ్యడం లేదక్కా. మనం మాట తప్పినా ఆయన తప్పడని సండేస్కూల్లో పిల్లలకి నేనే చెప్పేదాన్ని. ఇప్పుడు అదే నాకు మింగుడు పడటం లేదు. అడగని మంగళవారాలకి ఇచ్చినవాడు, అడిగిన పదకొండు రోజులకి ఎందుకివ్వలేదు? కోపం వస్తోంది. ఆవిడ కర్ర చప్పుడు వింటే ఏడుపొచ్చేంత సంతోషమూ వస్తోంది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో తెలియదు. ఇన్నాళ్లు దొంగ సంతకాలు పెట్టినదాన్ని ఆయన ఏమీ అనకుండా ఎందుకు ఊరుకున్నాడో, అదీ తెలియదు.

రేపు ఆవిడ పక్కన నిలబడనా? నిజం చెబితే ఆవిడ సాక్ష్యం పాడవుతుంది. చెప్పకపోతే మళ్లీ ఆవిడ మొహం చూడలేను. నీ జవాబు రేపటికి అందదని తెలిసీ అడుగుతున్నాను. జాకెట్టుకి ఇంకా హుక్కులు కుట్టాలి, ఉంటాను.

ఇట్లు,
నువ్వు పెట్టిన పేరుకి తగ్గ చెల్లెలు,
పేచీ

తా.క. ఆదివారం సాయంత్రం. ఉత్తరం ఇంకా పోస్టు చెయ్యలేదు. పొద్దున జాకెట్టు ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలోనే అంతా చెప్పేశాను. ఆవిడ హుక్కులు చూసుకుంటూ, తెలుసు అన్నారు. ఆవిడ మంచం కిటికీ పక్కనేనట. మంగళవారం అయిదున్నరకి మా గదిలో లైటు వెలిగేది కాదట. చీకట్లో చేసుకుంటున్నావేమో అనుకుందామంటే నీ గురక వీధి దాటి వచ్చేది అన్నారు. మొదట్లో ఒళ్లు మండిందట. తర్వాత ఆ అరగంట ఖాళీగా పోవడమెందుకని, తన నొప్పి సంగతి పక్కన పెట్టి, నన్ను వదలొద్దని దేవుణ్ణి అడగడం మొదలుపెట్టారట. తొమ్మిది నెలలూ అదే అడిగారట.

మీ మరిది సంగతి అడిగాను. నాకూ తెలియదమ్మా అన్నారు.

సాక్ష్యంలో ఇదంతా చెప్పనా అని అడిగారు. చెప్పండి అన్నాను. చెప్పారు. నేను పక్కనే నిలబడ్డాను. పాస్టరుగారు పాపం తన ప్రసంగం కాగితంలో ఏదో కొట్టేసుకున్నారు.

ఇంటికొస్తూ, ఈ మంగళవారం నేను లేవాలా అండీ అని అడిగాను. మెలకువ వస్తే లే, రాకపోతే పడుకో, నేను ఉంటాగా అన్నారు.